మెత్తని ఒళ్లు, ఆలస్యపు అడుగు
డౌన్ సిండ్రోమ్ పిల్లల శరీరాన్ని తల్లిదండ్రులు అర్థం చేసుకోవలసిన తీరు

డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన శిశువును తొలిసారి ఎత్తుకున్న తల్లులు తరచుగా ఒకే మాట చెబుతుంటారు: ఒళ్లు దూదిలా ఉంది, చేతుల్లోంచి జారిపోతున్నట్టుంది అని. చుట్టూ చేరిన పెద్దలు దాన్ని బలహీనత అనుకుంటారు. బాదం పాలు పట్టమంటారు, నెయ్యి ఎక్కువ పెట్టమంటారు. నిజానికి ఆ మెత్తదనం తిండి లోపం వల్ల వచ్చింది కాదు. ఆ శిశువు కండరాలకు విశ్రాంతి స్థితిలో ఉండవలసిన బిగువు తక్కువగా ఉంది. కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు కూడా వదులుగా ఉన్నాయి. ఈ రెంటికీ మూలం జన్యువుల్లో ఉంది. దాన్ని నెయ్యితో సరిదిద్దడం సాధ్యం కాదు. పైగా, తొలి నెలల్లో బలం కోసమని మొదలైన ఆ అదనపు తిండి పన్నెండేళ్ల వయసుకు మరో రూపంలో ఎదురవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి కోసమే.

మనిషి ప్రతి కణంలోనూ సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. వీరిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ప్రతులుగా ఉండి, మొత్తం 47 అవుతుంది. ఈ స్థితి లక్షణాలను 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు. అసలు కారణం ఈ అదనపు క్రోమోజోమేనని ఫ్రాన్స్ పరిశోధకులు 1959లో లోకానికి తెలిపారు. నూటికి దాదాపు 95 మందిలో ఇది వంశపారంపర్యంగా సంక్రమించినది కాదు. ఎక్కువగా అండం ఏర్పడే దశలోనే యాదృచ్ఛికంగా జరుగుతుంది. తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుందన్నది నిజమే. అయినా చిన్న వయసు తల్లులకే కాన్పులు ఎక్కువ గనుక ఇలాంటి పిల్లల్లో అధిక సంఖ్యాకులు వారికే పుడుతున్నారు. గ్రహణం నాడు బయటకు వెళ్లిందనీ, గర్భంతో ఉన్నప్పుడు ఏదో చూసి భయపడిందనీ కోడలిని నిలదీసే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ నిందకు ఆధారం లేదు. నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం అదనపు క్రోమోజోము మరో క్రోమోజోముకు అతుక్కొని ఉంటుంది. అలాంటప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరు తమకు తెలియకుండానే దాన్ని మోస్తూ ఉండవచ్చు. కనుక బిడ్డకు కేరియోటైప్ అనే రక్త పరీక్ష చేయించి, మరో సంతానాన్ని కోరుకునే ముందు ఆ కాగితాన్ని వైద్యునికి చూపించడం మంచిది.

ఇక కదలికల విషయానికి వద్దాం.

సాధారణ శిశువు ఆరేడు నెలలకు కూర్చుంటుంది, ఏడాది అటూ ఇటుగా నడుస్తుంది. డౌన్ సిండ్రోమ్ శిశువులు సగటున పదకొండు నెలలకు కూర్చుంటారు, రెండేళ్లకు నడుస్తారు. సగటు అన్న మాటను జాగ్రత్తగా వినాలి. పదమూడు నెలలకే నడిచిన వారు ఉన్నారు, నాలుగేళ్లకు నడిచిన వారూ ఉన్నారు. బంధువుల ఇంట్లో మరో డౌన్ సిండ్రోమ్ పిల్లవాడు ఏడాదిన్నరకే నడిచాడని మీ బిడ్డను వానితో పోల్చి కుమిలిపోవలసిన పని లేదు. గుండె జబ్బు ఉన్న పిల్లల్లో ఆలస్యం మరికొంత ఎక్కువ. వీరిలో దాదాపు సగం మంది గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు గనుక, పుట్టిన తొలి రోజుల్లోనే ఎకో పరీక్ష చేయించాలి.

ఆలస్యానికి కారణాలు అనేకం. బిగువు లేని కండరాలు, వదులు కీళ్లు సరే. ఎత్తుతో పోలిస్తే చేతులూ కాళ్లూ పొట్టిగా ఉంటాయి. కూర్చున్నప్పుడు సామాన్య శిశువు చేతులను నేలకు ఆనించి ఆసరా తీసుకుంటుంది. వీరి చేతులు అందుకు చాలినంత పొడవుండవు. పాదాలు చదునుగా ఉంటాయి. సమతూకాన్నీ, కదలికల పొందికనూ చూసుకునే చిన్న మెదడు పరిమాణంలో చిన్నది. వీటికి తోడు చూపులో దోషాలు, చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం వీరిలో సర్వసాధారణం. సరిగా కనిపించని, వినిపించని బిడ్డ ధైర్యంగా అడుగు వేయడు.

ఈ లోపాలను పూడ్చుకునేందుకు పిల్లలు తమకు తామే కొన్ని ఉపాయాలు కనిపెడతారు. కాళ్లను బాగా ఎడంగా పరచి కూర్చుంటారు. నిలబడినప్పుడు మోకాళ్లను వెనక్కి బిగించి, కీలుకే తాళం వేసినట్టు నిలుస్తారు. పాదాలను బయటికి తిప్పి, వెడల్పుగా అడుగులు వేస్తారు. చూసే వారికి ముద్దుగా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి అలాగే సాగితే మోకాళ్లూ, తుంటి కీళ్లూ, పాదాలూ దెబ్బతింటాయి. నడిచే వయసు పెద్ద సమస్య కాదని, నడిచే తీరు సరిగా ఉండడమే ముఖ్యమని ఫిజియోథెరపిస్టులు చెప్పడం ఇందుకే. వారి దగ్గరకు వెళ్లవలసింది బిడ్డ నడవడం లేదని తేలాక కాదు. తొలి మాసాల్లోనే వెళ్లాలి.

సాధనకు ఫలితం ఉంటుందా అనే సందేహం చాలామంది తండ్రులకు ఉంటుంది. ఉంటుంది, కొలతలతో సహా. అమెరికాలో డేల్ అల్రిక్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆసరా లేకుండా ముప్పై సెకన్లు కూర్చోగలిగిన డౌన్ సిండ్రోమ్ శిశువులను తీసుకున్నారు. నెమ్మదిగా కదిలే చిన్న ట్రెడ్‌మిల్‌ను ఇంటికే ఇచ్చారు. తల్లి గానీ తండ్రి గానీ బిడ్డను చంకల కింద పట్టుకొని ఆ పట్టాపై నిలబెట్టాలి. కాళ్ల కింద పట్టా కదులుతుంటే బిడ్డ అడుగులు వేస్తుంది. రోజుకు ఎనిమిది నిమిషాలు, వారానికి ఐదు రోజులు. అంతే. ఆ పిల్లలు మామూలు ఫిజియోథెరపీ మాత్రమే పొందిన పిల్లలకంటే దాదాపు 101 రోజులు ముందుగా స్వతంత్రంగా నడిచారు. మన ఇళ్లలో ట్రెడ్‌మిల్ ఉండదు. కానీ ఈ ఫలితంలోని అసలు సారం యంత్రంలో లేదు. ప్రతిరోజూ తప్పకుండా చేసిన ఎనిమిది నిమిషాల్లో ఉంది. వారానికి ఒకసారి ఆసుపత్రిలో గంట సేపు చేయించి, మిగిలిన ఆరు రోజులు బిడ్డను ఉయ్యాల్లో ఉంచితే అడుగు పడదు.

మరో సంగతి కూడా చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి కదలికలు నెమ్మదిగా, తడబాటుగా ఉండటం మార్చలేని విషయమని ఒకప్పుడు భావించేవారు. 1994లో అల్మేడా, కార్కోస్, లటాష్ అనే పరిశోధకులు మోచేతిని వేగంగా కదిలించే ఒక చిన్న పనిని వారిచేత వందలసార్లు చేయించి చూశారు. సాధన తరువాత వారి వేగం, సాధన చేయని సామాన్యుల వేగానికి దగ్గరగా వచ్చింది. కదలిక నెమ్మదిగా ఉండటంలో కొంత భాగం స్వభావం, కొంత భాగం అవకాశం దొరకకపోవడం అన్నమాట. చొక్కా గుండీ పెట్టుకునేందుకు వానికి ఐదు నిమిషాలు పడుతుంది గనుక అమ్మీయే అర నిమిషంలో పెట్టేస్తుంది. వానికి ఆ రోజు దక్కవలసిన సాధన పోయింది. ఏడాదికి ఎన్ని పోతాయో లెక్క వేసుకోవచ్చు.

మక్తబులో ఖాయిదా చెప్పే మా వంటి వారికి ఇందులో ఒక పాఠం ఉంది. ఈ పిల్లల వేళ్లు పొట్టివి, మణికట్టు పట్టు బలహీనం. సన్నని పెన్సిలు ఇచ్చి చిన్న గీతల మధ్య అలిఫ్ వ్రాయమంటే మొదటి రోజే ఓడిపోతారు. లావు సుద్దముక్క, పెద్ద పలక, అంతకుముందు ఇసుకలో వేలితో వ్రాయడం, ఇదీ సరైన వరుస. విని గుర్తుంచుకునే శక్తి కంటే చూసి గుర్తుంచుకునే శక్తి వీరిలో మెరుగు. కాబట్టి పదిసార్లు చెప్పడం కంటే ఒకసారి చేసి చూపించడం మేలు. మా దగ్గర చదువుకున్న ఒక బాలుడు వుజూ క్రమాన్ని నోటి మాటగా ఎన్నడూ వరుసగా చెప్పలేకపోయాడు. తోటి పిల్లల పక్కన నిలబెట్టి చేయిస్తే కొద్ది వారాల్లో పట్టుకున్నాడు. ఇంట్లో చపాతీ పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం వంటివన్నీ వేళ్లకు వ్యాయామాలే. ఖర్చు లేనివి.

ఇప్పుడు బరువు సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పక తప్పదు.

తూకం యంత్రం మొత్తం బరువును చెబుతుంది. ఆ బరువులో కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముక ఎంత అన్నది చెప్పదు. ఆ వాటాలనే శరీర కూర్పు అంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కౌమారుల్లోనూ, పెద్దల్లోనూ కొవ్వు వాటా ఎక్కువగా, కండ వాటా తక్కువగా, ఎముకల సాంద్రత తక్కువగా ఉంటున్నట్టు అనేక అధ్యయనాలు తేల్చాయి. ముఖ్యంగా ఆడపిల్లల్లో కొవ్వు ఎక్కువ. శైశవంలో బక్కగా, పాలు సరిగా చప్పరించలేక బరువు పెరగని బిడ్డే బడి వయసు దాటేసరికి లావెక్కుతుంది. తల్లి మనసులో మాత్రం ఆ బక్క శిశువే ఉండిపోతాడు. అందువల్ల వడ్డన తగ్గదు.

కారణాల్లో మొదటిది, విశ్రాంతి వేళ శరీరం ఖర్చు చేసే శక్తి ఈ పిల్లల్లో తక్కువ. తమ ఈడు పిల్లలు తినేంత తిన్నా వీరికి అది ఎక్కువే అవుతుంది. రెండవది, కడుపు నిండిందన్న కబురును మెదడుకు చేరవేసే లెప్టిన్ అనే హార్మోను. పిల్లలను వారి తోబుట్టువులతోనే పోల్చి చూసిన ఒక అమెరికన్ అధ్యయనంలో, శరీరంలోని కొవ్వును లెక్కలోకి తీసుకున్నాక కూడా వీరి రక్తంలో లెప్టిన్ హెచ్చుగా కనిపించింది. కబురు వస్తున్నా మెదడు దాన్ని సరిగా అందుకోవడం లేదేమోనన్న అనుమానానికి ఇది తావిస్తుంది. మూడవది, థైరాయిడ్ గ్రంథి మందగించడం. ఇది వీరిలో చాలా సాధారణం. కనుక పుట్టినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించాలని పిల్లల వైద్యుల సంఘాలు సూచిస్తున్నాయి. చురుకు తగ్గి, మలబద్ధకం వచ్చి, ఒళ్లు పెరిగితే అది ఆ పిల్లల తీరు అని సరిపెట్టుకోకూడదు. మాత్రతో సరిపోయే జబ్బు కావచ్చు.

నాలుగవది కదలకపోవడం. ఇక్కడ రెండు విషయాలూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. సమతూకం లేనివాడు ఆటలో వెనకబడతాడు. వెనకబడినవాణ్ణి తోటి పిల్లలు పిలవరు. పిలవనివాడు ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. కూర్చున్నవానికి జాలితో దాదీ బిస్కెట్టు ఇస్తుంది. బరువు పెరిగాక వదులు కీళ్లకు ఆ బరువు మోయడం మరింత కష్టమై, కదలిక ఇంకా తగ్గుతుంది. ఈ గొలుసులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది జాలితో పెట్టే తిండి. పెళ్లిళ్లలో చూస్తుంటాం, ఆ బాలుని పళ్లెంలో బిర్యానీ ప్రతి బంధువూ ఒక గరిటె వేసి వెళతారు. ఎవరికి వారు ప్రేమే చూపించారు. వాని పక్కన కూర్చొని మాట్లాడిన వారు మాత్రం ఒక్కరూ ఉండరు.

పథ్యం పేరుతో వానికి వేరే పళ్లెం పెట్టడం కూడా సరికాదు. ఇంటిల్లిపాదీ తినేది మారాలి. ముందు చల్లని పానీయాలు, బేకరీ సరుకు ఇంట్లోకి రావడం ఆగాలి. పళ్లెం చిన్నది కావాలి. పప్పు, గుడ్డు, చేప, కూరగాయలు పెరిగి అన్నం వాటా తగ్గాలి. బుద్ధిగా ఉంటే చాక్లెట్ ఇస్తానని ఆశ పెట్టే అలవాటు పోవాలి. తిండిని బహుమతిగా నేర్చిన పిల్లవానికి పెద్దయ్యాక మరో బహుమతి రుచించదు.

వైద్యుని దగ్గర ఎత్తు, బరువుల పట్టిక చూసినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డౌన్ సిండ్రోమ్ పిల్లలకంటూ ప్రత్యేకమైన ఎదుగుదల పట్టికలు ఉన్నాయి. అమెరికాలో 2015లో కొత్తవి వెలువడ్డాయి. ఎత్తు సరిగా పెరుగుతున్నదో లేదో చూసేందుకు అవి చాలా ఉపయోగకరం. కానీ స్థూలకాయం విషయంలో, పదేళ్లు దాటిన పిల్లలకు సామాన్య పిల్లల బీఎంఐ పట్టికతోనే చూడడం మేలని తరువాతి పరిశోధనలో తేలింది. ప్రత్యేక పట్టికలో పోలిక సాటి డౌన్ సిండ్రోమ్ పిల్లలతోనే కదా. వారిలో అనేకులు ఇప్పటికే బరువెక్కి ఉన్నారు. వారి మధ్య సగటుగా ఉండటం ఆరోగ్యానికి హామీ కాదు.

వ్యాయామం విషయానికి వస్తే, అదే డేల్ అల్రిక్ బృందం 2011లో ప్రచురించిన సైకిల్ అధ్యయనం నాకు మిక్కిలి నచ్చింది. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ప్రత్యేకంగా మలచిన సైకిళ్లపై, రోజుకు 75 నిమిషాల చొప్పున, ఐదు రోజులు రెండు చక్రాల సైకిలు నేర్పారు. నూటికి 56 మంది ఆ ఐదు రోజుల్లోనే నేర్చుకున్నారు. మిగిలిన విషయం ఏడాది తరువాత బయటపడింది. సైకిలు వచ్చిన పిల్లలు ఊరికే కూర్చునే సమయం తగ్గింది, చురుకుగా గడిపే సమయం పెరిగింది, ఒంటి కొవ్వుపైనా మంచి ప్రభావం కనిపించింది. ఎవరూ వారిని వ్యాయామం చేయమని తరమలేదు. ఒక నైపుణ్యం చేతికి వచ్చింది, దానితో వీధిలోకి వెళ్లారు, తోబుట్టువులతో కలిశారు.

స్పెయిన్‌లోని జరగోజాలో మరో బృందం పిల్లలు, కౌమారుల చేత 21 వారాల పాటు, వారానికి రెండు రోజులు గెంతులతో కూడిన వ్యాయామాలు చేయించింది. కొవ్వు తగ్గలేదు. కండ పెరిగింది. తూకం యంత్రాన్ని మాత్రమే నమ్మే తండ్రి ఈ ఫలితం చూసి, ఇంత శ్రమా వృథా అంటాడు. మెట్లు ఎక్కే బలం, పడిపోకుండా నిలిచే శక్తి ఆ కండలోనే ఉన్నాయి. కొవ్వు తగ్గాలంటే వ్యాయామానికి తిండి అదుపు తోడు కావాలి, ఒక్కటే చాలదు.

వ్యాయామం చేయించే వారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. ఎంత శ్రమించినా వీరి గుండె వేగం ఇతరుల గుండె పెరిగినంతగా పెరగదు. గరిష్ఠ వేగం నిమిషానికి దాదాపు 25 నుంచి 30 స్పందనలు తక్కువగా ఉంటుంది. కనుక వాడు త్వరగా అలసి కూర్చుంటే సోమరితనమని గద్దించడం అన్యాయం. మధ్యమధ్య విరామం ఇస్తూ చేయించాలి. అలాగని హద్దులు ముందే గీసేయకూడదు. 2020 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో క్రిస్ నికిక్ అనే 21 ఏళ్ల యువకుడు 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు 17 గంటల గడువులోపు పూర్తి చేసి, ఐరన్‌మ్యాన్ పోటీ ముగించిన తొలి డౌన్ సిండ్రోమ్ వ్యక్తిగా నిలిచాడు. అయిదు నెలల వయసులో గుండె శస్త్రచికిత్స జరిగిన బిడ్డ అతడు.

మెడ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. స్నాయువులు వదులుగా ఉన్నందున మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉండవచ్చు. ఎక్స్‌రేలో ఇది నూటికి పది నుంచి ఇరవై మందిలో కనిపిస్తుంది, బాధ కలిగించేది ఒకరిద్దరిలోనే. లక్షణాలు లేని పిల్లలందరికీ ఎక్స్‌రే అక్కర్లేదని నేటి వైద్య సూచన. మెడ నొప్పి, తల ఒక పక్కకు వాలడం, అప్పటిదాకా బాగా నడిచిన బిడ్డ తూలడం, చేతి పట్టు తగ్గడం, మలమూత్రాలపై అదుపు పోవడం వంటి మార్పులు కనబడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. పిల్లిమొగ్గలు, తలకిందులుగా నీటిలో దూకడం, తలతో బంతిని కొట్టడం, ఆరేళ్లలోపు ట్రాంపొలిన్‌పై ఎగరడం వద్దు. దేనికైనా మత్తు ఇవ్వవలసి వస్తే మత్తు వైద్యునికి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని, మెడ జాగ్రత్త అని ముందే చెప్పాలి.

ఇది విన్న తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న, సజ్దా చేయించవచ్చా అని. వైద్యులు సాధారణంగా వారించేది తలపై, మెడపై అదాటున బరువు పడే పనులను. నెమ్మదిగా వంగి లేవడం ఆ కోవలోకి రాదు. మెడలో అస్థిరత ఉందని తేలిన బిడ్డ విషయంలో మాత్రం వైద్యుని అడిగి ఆయన చెప్పినట్టే చేయాలి. వంగలేని వారికి కూర్చొని, సైగతో నమాజు చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉండనే ఉంది. బుద్ధి వికాసాన్ని బట్టే బాధ్యత అన్న సూత్రమూ మనకు తెలిసినదే. కనుక ఈ పిల్లలకు నమాజు నేర్పేటప్పుడు తొందర, గద్దింపు పనికిరావు.

కౌమారం దాటిన ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తరు. బడి మానిపించి, వీధి మానిపించి, నాలుగు గోడల మధ్య ఉంచుతారు. భద్రత గురించి తల్లి భయం నిజమైనదే, దాన్ని తేలికగా తీసిపారేయను. అయితే ఎముకలూ కండా బలపడవలసిన వయసు అదే. తెల్లవారుజామున ఆపాతోనో, అమ్మీతోనో నడక, మేడ మీద తాడాట, మెట్లు ఎక్కి దిగడం, ఇంటిపనిలో సగం వాటా ఆమెకు అప్పగించడం అసాధ్యమైనవి కావు. ఒకప్పుడు ఈ పిల్లలు ఎక్కువ కాలం బతకరని అనేవారు. అమెరికాలో 1983లో వీరి ఆయుర్దాయం దాదాపు 25 ఏళ్లు. నేడు అది 60కి చేరువైంది. ఇరవై ఏళ్ల అమ్మాయి మోకాళ్లు ఇంకా నలభై ఏళ్లు పనిచేయవలసి ఉంది.

సహాయం ఎక్కడ దొరుకుతుంది? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించే జన్మ లోపాల్లో డౌన్ సిండ్రోమ్ ఉంది. జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపీ, మాటల శిక్షణ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, నేడు నీపిడ్ అని పిలుస్తారు, శైశవం నుంచే శిక్షణ ఇస్తుంది, తల్లిదండ్రులకు ఇంట్లో చేయించవలసినవి నేర్పుతుంది. వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకుంటే, నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు రక్షణ లభిస్తుంది. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి.

వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకోండి. కేరియోటైప్ ఫలితం, గుండె ఎకో తేదీ, ఏటేటా థైరాయిడ్ అంకెలు, మూడు నెలలకోసారి ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత అందులో వ్రాయండి. బిడ్డ తొలిసారి కూర్చున్న రోజు, నిలబడిన రోజు, గుండీ తానే పెట్టుకున్న రోజు కూడా వ్రాయండి. వైద్యులు మారినప్పుడు మొదటి పేజీలు వారికి పనికొస్తాయి. చివరి పేజీలు మీకు.